మూడో గేరులో వెనక్కి

కారు కొండ ఎక్కుతోంది. మూడో గేరులో ఇంజిన్ శబ్దం పెరుగుతూ వచ్చి, ఒక చోట కాస్త తగ్గి, మళ్ళీ పెరిగింది. తగ్గిన ఆ క్షణంలో భర్త తల ఎత్తి లోపలి అద్దంలోకి చూశాడు. పక్క సీట్లో ఉన్న ఆమె వెనక్కి తిరిగి చూసింది. రోడ్డు మీద బండేదీ లేదు.

తర్వాతి మలుపు దాటాక మళ్ళీ అదే జరిగింది. శబ్దం పెరగడం, తగ్గడం, అతని చూపు అద్దంలోకి పోవడం. ఈసారి ఆమె కూడా అద్దంలోకే చూసింది. అద్దం కిందికి వంగి ఉంది. అందులో కనిపిస్తున్నది వెనక రోడ్డు కాదు, వెనక సీటు.

"ఎవర్ని చూస్తున్నారు?" అంది.

"ఎక్కడ?"

"అద్దంలో."

"నేనెక్కడ చూశాను?" అన్నాడు. అబద్ధమాడే మనిషి కాదు. ఆడాల్సి వస్తే ముందు చెవి గోక్కుంటాడు. ఇప్పుడు రెండు చేతులూ స్టీరింగ్ మీదే ఉన్నాయి.

అతను కొండ మీది ప్రసార కేంద్రంలో ఇంజనీరు. కొండ కింద రోడ్డు పక్కనే ఇల్లు, ఇంటి ముందు గదిలో ఆమె కుట్టు షాపు. కొత్త బట్టలు కుట్టడం తక్కువ. బయట కొన్న చొక్కాల భుజాలు సరిచేయడం, ప్యాంట్లు పొట్టి చేయడం, నడుములు వదులు చేయడం ఎక్కువ. పెళ్ళయి చాలా ఏళ్ళయింది. పిల్లల్లేరు. వద్దనుకోలేదు, కలగలేదు.

కేంద్రం బస్సు ఆగిపోయాక ఈ కారు కొన్నారు. చిన్నది, ఇంజిన్‌లోకి ఎక్కువ గాలి తోసే టర్బో ఉంది, కానీ కొండ ఎక్కేటప్పుడు ఆయాసపడేది. అప్పుడు మరిది వచ్చాడు. టైర్ల షాపులో పని, బండ్ల పిచ్చి.

"ఇంజిన్‌లో ఏ లోపమూ లేదన్నయ్యా, కంపెనీ వాళ్ళు పిసినారితనం చేశారు. టర్బోకి ఇంత గాలి, ఇంత పెట్రోలు అని కంప్యూటర్‌లో రాసి తాళం వేశారు. ఆ రాత మారిస్తే ఇదే ఇంజిన్ పరిగెడుతుంది" అన్నాడు.

"ఎవరు మారుస్తారు?"

"రెండు రకాలు. ఒకటి కస్టమ్. ట్యూనర్ దగ్గరికి వెళ్ళాలి, ఆయన చెప్పినట్టు నడపాలి, ఆ రికార్డింగ్ చూసి ఆయన మీ బండికి తగ్గట్టు రాస్తాడు. మళ్ళీ నడపాలి, మళ్ళీ దిద్దుతాడు. పెళ్ళిచూపులకన్నా ఎక్కువ తతంగం. రెండోది రెడీమేడ్. ఎవరో ఒకసారి రాసి పెట్టారు, మనం ఎక్కించుకోవడమే. ఊళ్ళో ఈ రకం బండ్లలో సగం దాని మీదే తిరుగుతున్నాయి. నాది కూడా."

"రెడీమేడ్ వేసుకున్న వాళ్ళందరూ చివరికి నా గుమ్మం ఎక్కుతారు" అంది ఆమె మిషన్ దగ్గర్నుంచి.

"బండికి భుజాలుండవు వదినా."

స్టీరింగ్ కింద తీగ పెట్టి, టీ చల్లారేలోపు ఆ రెడీమేడ్ ఫైల్ ఎక్కించేశాడు. మర్నాడు కారు కొండని ఒక్క ఊపులో ఎక్కింది. భర్త ఫోన్ చేసి మరీ చెప్పాడు. ఆమెకీ సంతోషమే అయింది.

షాపులో కూర్చుంటే కారు కొండ ఎక్కే శబ్దం వినిపిస్తుంది. ఆ శబ్దంలో మూడో గేరు దగ్గర వచ్చే తరుగుని ఆమె ఫైల్ మార్చిన మర్నాటి నుంచీ వింటోంది. గేరు మార్చడం అనుకుంది. ఇప్పుడు పక్కన కూర్చుని చూశాక తెలిసింది, అది గేరు కాదు. అక్కడ అతని కళ్ళు రోడ్డు మీద ఉండవు.

ఆ రోడ్డుకి ఒక పక్క కొండ, రెండో పక్క లోయ. మధ్యలో మోకాలెత్తు పిట్టగోడ.

తర్వాతి వారం కారు ముందు భాగం గీసుకుపోయి వచ్చింది. పిట్టగోడ సున్నం తలుపు దాకా అంటుకుని ఉంది.

"ఏదో ఆలోచనలో ఉన్నాను" అన్నాడు.

"వెనక్కి చూస్తున్నారు. నా మాట నమ్మండి."

"వెనకేముందని చూస్తాను?"

"అదే నేనూ అడుగుతున్నాను."

అతనికి కోపం వచ్చింది. అన్నం గబగబా తినేసి లేచాడు. చేయి కడుక్కుంటూ అన్నాడు, "మొన్న మా సూపరింటెండెంట్ కూడా ఇదే అన్నాడు. కేంద్రం జీపు నడుపుతుంటే, 'ఏమయ్యా, వెనకాల మీ అత్తగారిని కూర్చోబెట్టావా, అన్నిసార్లు చూస్తున్నావు' అన్నాడు."

"జీపులో కూడానా?"

"జోక్ చేశాడనుకున్నాను."

జీపులో ఆ ఫైల్ లేదు. ఆ సంగతి ఇద్దరికీ తెలుసు.

ఆదివారం మరిది భోజనానికి వచ్చాడు. అతను చేతులు కడుక్కునేలోపు ఆమె బయటికి వెళ్ళి అతని కారు కిటికీలోంచి చూసింది. అద్దం కిందికి వంగి ఉంది. లోపలికి వచ్చి, "ఒకసారి నన్ను బజారు దాకా తీసుకెళ్ళు" అంది.

బజారు రోడ్డు దాటాక ఖాళీ దొరికింది. "కాస్త తొక్కు" అంది.

"ఏంటి వదినా, నీకూ పట్టిందా పిచ్చి?" అని నవ్వుతూ తొక్కాడు. మూడో గేరులో శబ్దం పెరిగింది. నవ్వు మొహం మీద అలాగే ఉండగా కళ్ళు పైకి పోయాయి, అద్దంలోకి, తిరిగి రోడ్డు మీదికి.

"ఇప్పుడు చూశావు."

"ఏం చూశాను?"

"వెనక సీటు. అద్దం కూడా దానికేసి తిప్పి పెట్టుకున్నావు."

"అది వదులైపోయింది. పైకి తోసినా దిగిపోతుంది." కారు పక్కకి తీసి ఆపాడు. "నేనా ఫైల్ తీసేసి చాలా రోజులైంది వదినా. పెట్రోలు తాగుతోందని మళ్ళీ కంపెనీ ఫైలే వేసుకున్నాను."

"మరి ఇప్పుడెందుకు చూశావు?"

అద్దాన్ని రెండు వేళ్ళతో పైకి నెట్టాడు. అది అక్కడే నిలబడింది. వదులు లేదు. ఇంటికి వచ్చేదాకా అతను జోకు వేయలేదు.

ఊరి చివర పాత గోడౌన్ల దగ్గర ట్యూనర్ వర్క్‌షాప్. మరిది చెప్పిన మనిషే. సన్నగా ఉంటాడు, మాట్లాడే ముందు గుడ్డతో వేళ్ళు తుడుచుకుంటాడు. కస్టమ్ రాయిద్దామని ఆమె పట్టుబడితే, ఉదయం భార్యాభర్తలిద్దరూ వెళ్ళేసరికి ఆవరణలో అదే రకం కార్లు వరసగా ఉన్నాయి. ఆమె వరస వెంట నడిచింది. ఒక కారు, రెండో కారు, మూడోది. రంగులు వేరు, సీటు కవర్లు వేరు. అన్నిట్లోనూ అద్దం ఒకే కోణంలో వంగి ఉంది. చివరి కారు దగ్గర ఆగి వెనక్కి తిరిగింది. ట్యూనర్ ఆమెనే చూస్తున్నాడు.

"సార్, మీరు వెళ్ళి ట్యాంక్ నింపించుకురండి. నిండు ట్యాంక్ ఉంటే బరువు లెక్క సరిగ్గా వస్తుంది" అని భర్తని పంపించాడు. కారు గేటు దాటాక, "మీరు కనిపెట్టారు" అన్నాడు ఆమెతో.

"మీకు ముందే తెలుసు."

"నా బండి చూడండి."

గోడ పక్కన మోటార్‌సైకిల్ ఉంది. వెనక సీటు ఊడదీసి ఉంది. ఆ చోట రేకు బిగించి ఉంది.

"ఏడాది ఆ ఫైల్ మీద కారు నడిపాను. కారు అమ్మేశాక దీని మీద కూడా తిరిగి చూస్తుంటే, సీటే తీసేశాను. చూడ్డానికి ఏమీ లేకపోతే మెడ ఊరుకుంటుందని."

"ఊరుకుందా?"

"నెమ్మదిగా వెళ్తాను" అన్నాడు.

స్టూలు చూపించాడు. ఆమె కూర్చోలేదు.

"మీది కుట్టు పని అని మీ మరిది చెప్పాడు. రెడీమేడ్ చొక్కా ఎవరి కొలతకి కుడతారు?"

"అందరికీ సరిపోవాలని."

"మొదటి చొక్కా?"

"ఒక మనిషిని నిలబెట్టి, అతని ఒంటి మీద సరిచూసి కోస్తారు. దాన్నిబట్టే మిగతావి."

"ఇదీ అంతే. రెడీమేడ్ ఫైల్ గాల్లోంచి రాదు. ఒక కారు మీద, ఒక మనిషి కాలు మీద తయారవుతుంది. దీన్ని రాసినాయన వేరే ఊళ్ళో ఉంటాడు. మేమంతా మాస్టారనేవాళ్ళం. పని నేర్చుకునేటప్పుడు ఆయన దగ్గర కొన్నాళ్ళున్నాను. ఆయన భార్యకి ఆస్పత్రిలో డ్యూటీ, ఇంట్లో చూసేవాళ్ళు లేరు. అందుకని ఫైల్ రాయడానికి కారుతో పరుగులు తీసేటప్పుడు పాపని వెనక సీట్లో బెల్టు పెట్టి కూర్చోబెట్టేవాడు. మూడేళ్ళ పిల్ల. మూడో గేరులో వేగం పట్టగానే నిద్రపోయేది. ఆయన అక్కడ కాలు కాస్త తీసి, నిద్రపోయిందో లేదో చూసి, మళ్ళీ తొక్కేవాడు. అన్ని పరుగుల్లోనూ అదే చోట. ఆ తరుగు ఒక గుంటలా అలాగే రాతలోకి ఎక్కింది."

"తర్వాత దిద్దలేదా?"

"ఒక పూట పని. దిద్దుదామనుకుంటుండగా పాపకి జ్వరం వచ్చింది. తగ్గలేదు." వేళ్ళు తుడుచుకున్నాడు. "ఆయన కారు నడపడం మానేశాడు. ఫైల్ ముట్టుకోనన్నాడు. 'ఆ గుంట తీస్తే నేను పాపని చూసిన చోటు పోతుందిరా' అన్నాడు. అలాగే వదిలేశాడు. అదే అందరూ ఎక్కించుకుంటున్నారు."

ఆమె గేటు వైపు చూసింది. "ఈ సంగతి మా ఆయనకి చెప్పకండి."

"నేనెవరికీ చెప్పను మేడం. చెప్తే నన్ను పిచ్చాసుపత్రిలో వేస్తారు. అక్కడికి కూడా ఎవరో ఒకరు కార్లోనే తీసుకెళ్ళాలి."

భర్త తిరిగి వచ్చాడు. ట్యూనర్ పని మొదలుపెట్టాడు. రెడీమేడ్ ఫైల్ తీసేసి, గుంట లేని ఒక మామూలు ఫైల్ ఎక్కించాడు. కస్టమ్ ట్యూన్‌కి అది పునాది. దాని మీద భర్త నడుపుతాడు, రికార్డింగ్ వస్తుంది, దాన్నిబట్టి అసలుది రాస్తాడు.

"గోడౌన్ల వెనక తిన్నటి రోడ్డుంది. మూడో గేరులో పెట్టి, నేల దాకా తొక్కి పట్టుకోండి. మీటర్‌లో ముల్లు ఎర్ర గీత దగ్గరికి రాగానే వదిలేయండి. బండిలో మీరొక్కరే ఉండాలి. పక్కన మనిషుంటే కాలు కాలులా ఉండదు, బరువు కూడా తేడా వస్తుంది."

భర్త వెళ్ళి వచ్చాడు. ట్యూనర్ లాప్‌టాప్‌లో గీతలు తీశాడు. ఒక గీత ఇంజిన్‌ది, ఒకటి గాలి ఒత్తిడిది, ఒకటి యాక్సిలరేటర్‌ది. యాక్సిలరేటర్ గీత పైకి వెళ్ళి, తిన్నగా సాగి, ఒక చోట లోపలికి నొక్కుకుపోయి, మళ్ళీ తిన్నగా సాగింది.

"ఇంజిన్ తగ్గలేదు సార్. మీ కాలు తగ్గింది."

భర్త తెర మీదికి వంగాడు. భార్య మాట నమ్మలేదు, సూపరింటెండెంట్ మాట నమ్మలేదు. పాతికేళ్ళుగా అతను నమ్మింది గీతల్నే.

"నేను మొత్తం తొక్కి పట్టుకున్నాను" అన్నాడు.

"మళ్ళీ వెళ్ళి రండి."

మళ్ళీ వెళ్ళాడు. గీత అదే చోట నొక్కుకుపోయింది. మూడోసారి వెళ్ళేముందు చెప్పు విప్పి, వట్టి కాలితో ఎక్కాడు. అదే గీత. చొక్కా వీపుకి అతుక్కుపోయింది. తెర మీద వేలు పెట్టి, "ఇది నా కాలేనా?" అని అడిగాడు.

"అద్దం తీసేయండి" అన్నాడు.

ట్యూనర్ అద్దం ఊడదీశాడు. ఆమె ఈసారి రోడ్డు పక్కన నిలబడి చూసింది. కారు దూరం నుంచి వస్తోంది. మూడో గేరు శబ్దం పెరిగింది. సరిగ్గా ఆ చోట భర్త తల మొత్తం వెనక్కి తిరిగింది. మెడ, భుజం, ఒక చేయి. కారు రోడ్డు అంచు దాటి మట్టిలోకి దిగి, దుమ్ము లేపి, మళ్ళీ రోడ్డెక్కింది. ఆమె పక్కనుంచి వెళ్ళేటప్పుడు అతను ముందుకే చూస్తున్నాడు, ఏమీ జరగనట్టు.

కొండ నాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడడమంటే ఇదే. ఆ మట్టి ఉన్నచోట లోయ ఉంటే ఏమయ్యేదో ఆమె లెక్క వేయలేదు. వేయనక్కర్లేదు.

"అద్దం మళ్ళీ పెట్టండి. ఈసారి నేను వెనక కూర్చుంటాను" అంది ట్యూనర్‌తో.

"కుదరదు మేడం. లెక్క పోతుంది."

"లెక్కలో నన్ను కూడా కలుపుకోండి."

"నీకెందుకు ఇదంతా, దిగు" అన్నాడు భర్త. అప్పటికే ఆమె ఎక్కి తలుపు వేసుకుంది. బెల్టు పెట్టుకుంది. అతని వెనక కాకుండా రెండో వైపు కూర్చుంది, అద్దంలో కనపడేలా.

కారు బయలుదేరింది. రెండో గేరు, మూడో గేరు. వీపు సీటుకి అతుక్కుంది. గోడౌన్ గోడలు వెనక్కి పోతున్నాయి. శబ్దం పెరుగుతోంది. ఆ చోటు వస్తోందని ఆమెకి చెవులతోనే తెలిసింది. అతని కళ్ళు అద్దంలోకి రాలేదు. శబ్దం తగ్గలేదు. తెగకుండా చివరిదాకా వెళ్ళింది.

అతను వేగం తగ్గించి కారు ఆపాడు. "బాగా లాగింది" అన్నాడు. గొంతులో చాలా రోజులుగా లేని తీరిక ఉంది.

ఆమె జవాబివ్వబోయి తన చేయి చూసుకుంది. కుడి చేయి ఒళ్ళో లేదు. పక్క సీటు మీద చాచి ఉంది, అరచేయి లోపలికి తిరిగి. బస్సు బ్రేకు వేస్తే తల్లులు పక్కనున్న పిల్లకి అడ్డంగా చేయి చాస్తారు, అలాగ. ఎప్పుడు చాచిందో తెలియదు. వెనక్కి తీసుకుని ఒళ్ళో పెట్టుకుంది. అరచేయి వెచ్చగా ఉంది.

ఇంకో రెండు పరుగులు తీశారు. మూడూ ఒకేలా ఉన్నాయి. భర్త కారు పక్కన పెట్టి, మొహం కడుక్కుంటానని పంపు దగ్గరికి వెళ్ళాడు. ట్యూనర్ గీతలు చూశాడు. యాక్సిలరేటర్ గీత బల్లలా తిన్నగా ఉంది.

"కాలు సరిపోయింది" అన్నాడు. తర్వాత కింద అంకెలు చూశాడు. క్యాలిక్యులేటర్ తీసి ఏదో కొట్టాడు. మళ్ళీ కొట్టాడు. "మేడం, ఏమీ అనుకోకండి. మీ బరువెంత?"

"యాభై ఎనిమిది."

"ఈమధ్య చూసుకున్నారా?"

"ఆడవాళ్ళ బరువు అడిగిందే తప్పు, పైగా నమ్మరా?"

అతను నవ్వలేదు. మూలన ఇంజిన్ భాగాలు తూచే తూకం యంత్రం ఉంది. "ఒక్కసారి ఎక్కండి" అన్నాడు. ఆమె చెప్పులు విప్పి ఎక్కింది. యాభై ఎనిమిది.

కారు డిక్కీ తీసి చూశాడు. ఖాళీ. సీట్ల కింద చేయి పెట్టి చూశాడు. ఏమీ లేదు. వచ్చి కూర్చున్నాడు.

"ఇంజిన్ ఎంత గాలి మింగిందో నాకు తెలుసు. అంటే ఎంత బలంతో లాగిందో తెలుసు. వేగం ఎలా పెరిగిందో రికార్డింగ్‌లో ఉంది. బలమూ వేగమూ తెలిస్తే మోసిన బరువు తెలిసిపోతుంది. పొద్దున్నుంచి సార్ ఒక్కరే తీసిన పరుగులన్నీ లెక్కకి సరిపోయాయి. కారు, పెట్రోలు, సార్. కిలో తేడా లేదు."

"ఇప్పుడు?"

"కారు, పెట్రోలు, సార్, మీరు. ఇంకో పద్నాలుగు కిలోలు."

పంపు నీళ్ళ చప్పుడు వినిపిస్తోంది.

"ఒక్క పరుగులోనా?"

"మూడిట్లోనూ."

ఆమె స్టూలు లాక్కుని ఇప్పుడు కూర్చుంది. పద్నాలుగు కిలోలు ఎంత ఉంటుందో ఆమెకి తెలుసు. స్కూలు బట్టల కొలతలకి పిల్లల్ని ఎత్తి బల్ల మీద నిలబెడుతుంది. మూడేళ్ళ పిల్లంత.

"నేనిది రాయను మేడం. కంపెనీ ఫైల్ ఎక్కించి ఇచ్చేస్తాను. ఈ రోజు పనికి నాకేమీ వద్దు" అన్నాడు ట్యూనర్.

"కంపెనీ ఫైల్ వేస్తే ఆయన వెనక్కి చూడరా?"

ట్యూనర్ మోటార్‌సైకిల్ వైపు చూశాడు. మరిది సంగతి ఆమెకి తెలుసు. జీపు సంగతి తెలుసు.

"చూస్తారు" అన్నాడు.

"ఆ రెడీమేడ్ వేసినా చూస్తారు. కస్టమ్ రాసినా, ఒక్కరే నడిపిన రికార్డింగ్‌తో రాస్తే చూస్తారు."

"అవును."

"చూడనిది ఈ మూడు పరుగుల్లోనే."

"మీరు వెనక ఉన్నారు కాబట్టి చూడలేదేమో. రేపు మీరుండరు కదా."

"నేనున్నందుకు ఆయన చూడడం మానలేదు. ఉందో లేదో చూసుకోవాల్సిన పని లేకపోయింది. రెండూ ఒకటి కాదు." లాప్‌టాప్ వైపు చూపించింది. "ఈ రికార్డింగ్‌తో రాస్తే ఏమవుతుంది?"

"బండి ఎంత బరువు మోయాలో ఫైల్ ఒక అంకె అడుగుతుంది. ఆ అంకెకి తగ్గట్టు గాలి, పెట్రోలు రాస్తాను. మీ బరువు తీసేయగలను, మీరు రోజూ ఉండరు కాబట్టి. ఆ పద్నాలుగు కిలోలు…" మింగలేక కక్కలేక ఆగాడు. "తీసేయమంటే తీసేస్తాను. ఉంచమంటే, ఇక ఆ బండి ఎప్పుడూ అంత మోస్తున్నట్టే నడుస్తుంది."

"తీసేస్తే?"

"వట్టి సీటవుతుంది."

భర్త తువ్వాలుతో మెడ తుడుచుకుంటూ వస్తున్నాడు. గుమ్మం దగ్గర ఆగి, కార్ల వరస చూస్తూ, "అన్నీ మన కారులాంటివే" అన్నాడు. అద్దాల సంగతి అతను గమనించలేదు. లోపలికి రావడానికి ఇంకా నాలుగడుగుల దూరం ఉంది.

పిల్ల బట్టకి ఎవరైనా కొలత కన్నా కొంచెం ఎక్కువే కోస్తారు, పెరుగుతుందని. ఈ కొలత పెరగదు. ఆమె అది ఆలోచించింది. పిట్టగోడ ఎత్తు కూడా ఆలోచించింది. మోకాలి దాకా.

"ఉంచండి" అంది.

"మేడం."

"బండి ఎంత మోసిందో అంతే రాయండి."

ట్యూనర్ అంకె కొట్టాడు. చాలాసేపు గీతలు దిద్దుకుంటూ కూర్చున్నాడు. భర్త అడిగిన ప్రశ్నలకి పొడిపొడిగా జవాబిచ్చాడు. ఫైల్ ఎక్కాక తీగ పీకి, చుట్టి, సంచిలో పెట్టాడు. కారు గేటు దాటేదాకా బయటికి రాలేదు.

తిరుగు ప్రయాణంలో ఆమె ముందు సీట్లోనే కూర్చుంది. వెనక్కి తిరగలేదు. భర్త కూనిరాగం తీస్తున్నాడు. ఇంటి దగ్గర దిగాక, వెనక తలుపు తీసి, ఒక క్షణం పట్టుకుని నిలబడి, మళ్ళీ వేశాడు.

మర్నాడు ఉదయం అతను డ్యూటీకి బయలుదేరాడు. ఆమె షాపులో ఎవరిదో కోటు చేతులు పొట్టి చేస్తోంది. కారు కొండ మొదలు దాటిన శబ్దం వినిపించింది. కత్తెర పక్కన పెట్టింది. రెండో గేరు. మూడో గేరు. శబ్దం పెరిగింది, పెరుగుతూనే ఉంది, ఎక్కడా తగ్గలేదు. మలుపు. మళ్ళీ మూడో గేరు. తగ్గలేదు. అలా కొండ అంచు దాటి వినపడకుండా పోయేదాకా ఒక్కసారి కూడా తెగలేదు. ఆమె భుజాలు దిగాయి. ఈమధ్య ఎన్నాళ్ళుగా అవి పైకి బిగుసుకుని ఉన్నాయో అప్పుడు తెలిసింది.

ఫోన్ మోగింది.

"చేరాను. మంచి పని చేశాడు ఆ ట్యూనర్. నున్నగా వచ్చింది" అన్నాడు భర్త.

"వెనక్కి చూశారా?"

"చూడాల్సిన పని పడలేదు." ఎవరినో పలకరించి, మళ్ళీ ఫోన్‌లోకి వచ్చాడు. పడకగది తలుపు దగ్గర్నుంచి మాట్లాడుతున్నట్టు గొంతు తగ్గించాడు. "మూడో గేరు వేసేలోపే పాప నిద్రపోయింది."

ఆమె అతనికి పాప సంగతి చెప్పలేదు. ట్యూనర్ చెప్పడు. కిటికీలోంచి కొండ రోడ్డు కనిపిస్తోంది, పిట్టగోడ తెల్లగా కనిపిస్తోంది. అతను బతికి పైకి చేరాడు. ఆమె కోరుకున్నది అదే.

"దిగేటప్పుడు నెమ్మదిగా రండి, లేస్తుంది" అంది.